నిండిన తర్వాత ఏం చేస్తుంది? నిలిపి ఉంచిన బండికి బ్యాటరీ చార్జర్ ఎంపిక

సంక్రాంతికి ఊరికి వచ్చి, కనుమ మరునాడు బండిని వరండాలో గోడవారగా నిలిపి, పైన పాత దుప్పటి కప్పి చెన్నైకో బెంగళూరుకో వెళ్ళిపోయేవాళ్ళ ఇళ్ళు నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళలో వీధికి రెండు మూడైనా కనిపిస్తాయి. ఆ దుప్పటి మళ్ళీ తీసేది ఉగాదికో, నెల్లూరు రొట్టెల పండగకో. తాళం తిప్పితే మీటరు దీపాలు మసకగా వెలుగుతాయి. సెల్ఫ్ నొక్కితే సీటు కింద రిలే టకటకమని కొట్టుకుంటుంది తప్ప ఇంజను తిరగదు. కిక్కు రాడ్డున్న రోజుల్లో ఇదొక పెద్ద విషయం కాదు, నాలుగు కిక్కులు కొడితే బండి లేచేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగ మీద హద్దులు పెట్టే బీఎస్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక పెట్రోలు బండ్లలో దాదాపు అన్నింటికీ కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు పంపుకు, ఇంజెక్టరుకు, వాటిని నడిపే కంప్యూటరుకు ముందుగా కరెంటు అందాలి. పైగా చాలా మోడళ్ళలో కిక్కు రాడ్డే లేదు. బ్యాటరీ పూర్తిగా పడిపోయిన బండిని ఇద్దరు కలిసి వీధి చివరిదాకా తోసినా ఫలితం దక్కకపోవచ్చు.

దీనికి విరుగుడుగా అమ్ముడయ్యేదే మెయింటెనెన్స్ చార్జర్, అంటే బండి కదలకుండా ఉన్నన్నాళ్ళూ బ్యాటరీకి తగిలించి వదిలేసే చిన్న చార్జర్. పెట్టె మీద ఎన్ని ఆంపియర్లు, ఎన్ని దశలు, డిస్‌ప్లే ఉందా లేదా అన్నవి పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. ఇవన్నీ బ్యాటరీని నింపే పనికి సంబంధించిన గొప్పలు. నిలిపి ఉంచిన బండికి నింపడం ఒక పూట పని. మిగిలిన రెండు మూడు నెలలూ చార్జర్ చేసే పని వేరు: నిండిన బ్యాటరీని పాడుచేయకుండా చూసుకోవడం. ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు మామూలైన చోట, కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, ఆ రెండో పనిని బట్టే చార్జర్‌ను ఎంచుకోవాలి.

ముందు బ్యాటరీ ఎందుకు పడిపోతుందో లెక్క చూడాలి. కారణాలు రెండు. ఒకటి, వాడకపోయినా లోపలి రసాయన చర్య వల్ల చార్జి దానంతట అది తగ్గడం. మంచి సీల్డ్ లెడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 శాతం కోల్పోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి 40 డిగ్రీల రేకుల షెడ్డులో అదే బ్యాటరీ నెలకు 8, 9 శాతం పోగొట్టుకుంటుంది. రెండోది, తాళం తీసేసినా బండి తాగుతూనే ఉండే కరెంటు. మీటరులోని గడియారం, కంప్యూటరు, అలారం, ఈమధ్య చాలామంది వేయిస్తున్న జీపీఎస్ ట్రాకర్, ఇవన్నీ నిద్రలో కూడా బొట్టుబొట్టుగా తీసుకుంటాయి. 3 మిల్లీ ఆంపియర్లంటే లెక్కలోకి రాదనిపిస్తుంది. అదే రోజుకు 24 గంటల చొప్పున నెల రోజులు సాగితే 2.16 ఏహెచ్ (ఆంపియర్ అవర్; ఒక ఆంపియరు చొప్పున గంటసేపు అందేంత చార్జి ఒక ఏహెచ్) అవుతుంది. బుల్లెట్ తరహా 350 సీసీ బండి బ్యాటరీ 8 ఏహెచ్. అందులో పావు వంతుకు పైగా ఒక్క నెలలో ఆవిరి. ట్రాకర్ వేయించిన బండి 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంటే నెలకు 7.2 ఏహెచ్, అంటే దాదాపు బ్యాటరీ మొత్తం. దొంగ పట్టుకుపోకుండా పెట్టించినది బ్యాటరీని మాత్రం తానే మింగేస్తుంది.

ఈ అంకె ఎవరి బండికి వారు చూసుకోదగ్గదే. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరును విప్పి, ఆ వైరుకూ మైనస్ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటరును కరెంటు కొలిచే స్థానంలో పెట్టి, మొదట పెద్ద రేంజితో మొదలుపెట్టి తర్వాత మిల్లీ ఆంపియర్లకు దించితే తెలిసిపోతుంది. మీటరు తగిలించి ఉండగా తాళం తిప్పకూడదు. తిప్పితే మీటరులోని ఫ్యూజు పోతుంది. ఒక మిల్లీ ఆంపియరుకు లోపు చూపిస్తే ఆ బండికి చార్జర్ అవసరం అంతంతమాత్రమే. ఐదు దాటితే చార్జరైనా ఉండాలి, మైనస్ వైరైనా విప్పాలి.

తగ్గిన చార్జిని మళ్ళీ నింపుకోవచ్చు కదా అని ఊరుకుంటే వచ్చే నష్టం మరొకటి ఉంది. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది కరిగి పూర్వస్థితికి వస్తుంది. వారాలు, నెలలు అలాగే వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి, పలకలో కొంత భాగాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. చార్జింగు ఆపి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.7, 12.8 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం; 12కు దిగితే పావు వంతు. 12.4 కన్నా దిగనివ్వకుండా చూసుకుంటే పలకలు క్షేమం. బ్యాటరీ మీద మెయింటెనెన్స్ ఫ్రీ అని రాసి ఉండటం వల్ల చాలామంది దానికి ఏమీ చేయనక్కరలేదని పొరబడతారు. ఆ మాట డిస్టిల్డ్ వాటర్ పోసే పనికి మాత్రమే వర్తిస్తుంది, చార్జింగుకు కాదు.

ఇక చార్జర్ల సంగతి. బ్యాటరీ కొట్లలో బల్ల మీద కనిపించే పాత రకం ఇనప డబ్బాలో ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ముందువైపు ముల్లు కదిలే ఆంపియర్ మీటరు, అంతే ఉంటాయి. చూసుకునే మనిషి పక్కన ఉన్నంతవరకు అది మంచి పనిముట్టే. దానికి ఆపడం తెలియదు. ఇంటి కరెంటు 230 వోల్టులున్నప్పుడు బ్యాటరీకి 13.8 ఇచ్చేలా కుదిర్చినది, రాత్రివేళ లైను 250కి పెరిగితే తానూ 15కు పెరుగుతుంది. పగలు పొలాల మోటార్లు, రొయ్యల గుంటల ఏరేటర్లు ఒక్కసారిగా తిరిగే లైనులో వోల్టేజీ పడిపోతే ఇదీ చతికిలబడుతుంది. ట్రికిల్ చార్జర్ పేరుతో తక్కువ ధరకు దొరికే చిన్నవాటిలో చాలా భాగం ఇదే పద్ధతివి: కరెంటు కొంచెమే ఇస్తాయి కానీ ఎడతెగకుండా ఇస్తాయి. రెండు రోజులకు పరవాలేదు, రెండు నెలలకు పనికిరావు.

నెలల తరబడి వదిలేయడానికి తగినది, నిండే వరకు సుమారు 14.4 వోల్టుల దాకా తీసుకువెళ్ళి, నిండిందని గుర్తించి తనకు తానే దిగిపోయే ఎలక్ట్రానిక్ చార్జర్. దిగాక అది చేసే పనిలో రెండు పద్ధతులున్నాయి. కొన్ని 13.5, 13.8 మధ్య ఒక స్థిరమైన వోల్టేజీని పట్టి ఉంచుతాయి. దీన్ని ఫ్లోట్ అంటారు. మరికొన్ని పూర్తిగా ఆగిపోయి బ్యాటరీని గమనిస్తూ ఉండి, వోల్టేజీ ఒక హద్దు కిందకు దిగినప్పుడు మాత్రమే మళ్ళీ కాసేపు చార్జి చేస్తాయి. చల్లటి ప్రాంతాలలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఇక్కడి ఎండల్లో మాత్రం ఉంటుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట బ్యాటరీల విషయంలో దాదాపు అక్షరసత్యం. చార్జర్ల మీద రాసే వోల్టేజీలన్నీ 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినవి. ఆపైన ప్రతి డిగ్రీకి 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 20 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గించాలి. 42 డిగ్రీలంటే 17 డిగ్రీలు ఎక్కువ, తగ్గాల్సింది 0.34 వోల్టు, అంటే 13.6 ఉండాల్సిన ఫ్లోట్ 13.26 దగ్గర ఉండాలి. మూడోవంతు వోల్టు ఏపాటి అనిపించవచ్చు. తగ్గించకపోతే జరిగేది ఇది: నిండిన బ్యాటరీలోకి వెళ్ళే అదనపు కరెంటు నీటిని వాయువులుగా విడగొడుతుంది, సీల్డ్ బ్యాటరీలో అవి తిరిగి నీరవ్వాలి కానీ, జోరు ఎక్కువైతే వాల్వు తెరుచుకుని బయటికి పోతాయి, పోయిన నీటిని మళ్ళీ పోసే దారి లేదు. బ్యాటరీ లోపల ఎండిపోతున్నకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా కరెంటు లాగుతుంది, చివరికి పక్క గోడలు ఉబ్బుతాయి. జూన్‌లో బండి సీటు తీసి చూస్తే, పెట్టెలో బిగుసుకుపోయి బయటికి రాని బ్యాటరీ చెప్పే కథ ఇదే. సీల్డ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీలపైన ప్రతి పది డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. వేడే సగం ప్రాణం తీస్తున్నప్పుడు చార్జర్ మిగతా సగం తీయకూడదు.

అందువల్ల పెట్టె మీదా, లోపలి కాగితంలోనూ మొదట వెతకవలసింది ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ సర్దుకునే ఏర్పాటు. అది ఉన్నా ఒక మెలిక ఉంది. చిన్న చార్జర్లలో వేడిని గుర్తించే సెన్సరు చార్జర్ డబ్బా లోపలే ఉంటుంది, బ్యాటరీ దగ్గర కాదు. చార్జర్‌ను ఫ్యాను తిరిగే గదిలో పెట్టి, కిటికీలోంచి వైరు లాగి బయట షెడ్డులో కాగుతున్న బ్యాటరీకి తగిలిస్తే, అది గది చల్లదనాన్ని చూసి వోల్టేజీని పెంచుతుంది. రెండూ ఒకే చోట, ఒకే నీడలో ఉండాలి. ఉష్ణోగ్రత సర్దుబాటు లేని చార్జరే చేతికి దొరికితే, ఎడతెగని ఫ్లోట్ కన్నా ఆగి ఆగి చార్జి చేసే రకం ఈ ఎండలకు మేలు. బండిని రేకుల షెడ్డులోంచి పెంకుటింటి వసారాలోకో, ఉత్తరపు గోడ నీడకో మార్చడం మాత్రం ఏ చార్జర్ ఉన్నా చేయవలసిన పనే, దానికి ఖర్చూ లేదు.

వేడి తర్వాత చూడవలసింది కరెంటు కోతలను. ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు మూడు, కొట్లో కుర్రవాడు ఒక్కదానికీ జవాబు చెప్పకపోవచ్చు. కరెంటు పోయి వచ్చాక చార్జర్ తనంతట తాను మళ్ళీ మొదలవుతుందా, లేక ఎవరో వచ్చి బటన్ నొక్కాలా అన్నది మొదటిది. మోడ్ బటన్ ఉన్న కొన్ని చార్జర్లు కరెంటు వచ్చాక స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి; తాళం వేసిన ఇంట్లో అలాంటిది మొదటి కోతతోనే రిటైరవుతుంది. తిరిగి మొదలైతే ఎక్కడినుంచి మొదలవుతుందన్నది రెండోది. కొన్ని ప్రతిసారీ మొదటి దశకు వెళ్ళి, నిండిన బ్యాటరీనే మళ్ళీ 14.4 దాకా ఎక్కిస్తాయి. బ్యాటరీ తీసుకునే కరెంటు తగ్గడాన్ని చూసి దిగిపోయేదైతే కొద్ది నిమిషాల్లో దిగుతుంది, నష్టం లేదు. గంటలు లెక్కపెట్టి దిగేదైతే, రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోయే మే నెలలో బ్యాటరీ రోజంతా ఆ పై వోల్టేజీలోనే ఉడుకుతుంది.

మూడోది అందరూ మరిచిపోయేది: కరెంటు లేనప్పుడు చార్జరే బ్యాటరీనుంచి ఎంత తీసుకుంటుంది? లోపలి సర్క్యూటు వెనక్కి లాగే ఈ కరెంటు మంచి చార్జర్లలో ఒక మిల్లీ ఆంపియరుకు దగ్గరగా ఉంటుంది, నాసిరకం వాటిలో అంతకు కొన్ని రెట్లు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను వంటివి వచ్చినప్పుడు రెండు మూడు రోజులు కరెంటు లేకపోయినా దీనివల్ల కొంప మునగదు. అసలు ప్రమాదం తుపాను వెళ్ళాక ఉంటుంది. వీధికంతా కరెంటు వస్తుంది. తాళం వేసిన ఇంట్లో మాత్రం ఒక ఉరుముకు పడిపోయిన ఎంసీబీ, అంటే మీటరు దగ్గరి ఆటోమేటిక్ స్విచ్చు, అలాగే పడి ఉంటుంది. 5 మిల్లీ ఆంపియర్లు వెనక్కి లాగే చార్జర్ నెల రోజుల్లో 3.6 ఏహెచ్ తాగేస్తుంది. స్ప్లెండర్ వంటి చిన్న బండి బ్యాటరీ మొత్తం 3 ఏహెచ్. కాపలా పెట్టినవాడే గాదె ఖాళీ చేసినట్టు.

ఆంపియర్ల లెక్క వీటిముందు సులువు. ఏహెచ్‌లో పదో వంతు చొప్పున చార్జి చేయడం లెడ్ బ్యాటరీకి సుఖం: 8 ఏహెచ్‌కు 0.8 ఆంపియర్, 3 ఏహెచ్‌కు 0.3. ఒక ఆంపియర్ లోపు చార్జర్ మోటారు సైకిళ్ళన్నింటికీ సరిపోతుంది. కారుకూ బైకుకూ రెండింటికీ పనికొస్తుందని 5, 6 ఆంపియర్లది కొనడం కన్నా ఇదే నయం. అంతటిది కొంటే తక్కువ కరెంటుకు మార్చుకునే మోడ్ ఉండాలి.

ప్రచారంలో ఎక్కువగా వినిపించే రిపేర్ మోడ్ గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. గట్టిపడిన సల్ఫేటును వోల్టేజీ తరంగాలతో కరిగిస్తామని చెప్పే ఈ మోడ్ కొద్దిగా చెడిన బ్యాటరీకి కొంత మేలు చేయవచ్చు. ఆరు నెలలు ఖాళీగా పడి ఉన్నదానికి ప్రాణం పోయలేదు. పైగా కొన్ని చార్జర్లు ఈ మోడ్‌లో 15 వోల్టులు దాటతాయి కాబట్టి బ్యాటరీని బండినుంచి వేరు చేశాకే వాడాలి. దీనికోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ. పూర్తిగా పడిపోయిన బ్యాటరీని చాలా స్మార్ట్ చార్జర్లు అసలు గుర్తించవన్నది కూడా తెలిసి ఉండాలి. కొన్ని హద్దు కిందకు దిగినదాన్ని బ్యాటరీయే కాదనుకుంటాయి. 6, 12 వోల్టులను తానే కనిపెట్టే రకమైతే, బాగా దిగిపోయిన 12 వోల్టుల బ్యాటరీని 6 వోల్టులదని పొరబడి అక్కడే ఆగిపోవచ్చు. పాత రాజ్‌దూత్, యెజ్డీ వంటి బండ్లను ముద్దుగా దాచుకున్నవారికి 6 వోల్టుల మోడ్ కావాలి కానీ, దాన్ని చేత్తో ఎంచుకునే స్విచ్చు ఉన్నదే మంచిది. లిథియం బ్యాటరీ వేయించుకున్న కొద్దిమంది ఆ రకానికే తయారైన చార్జర్ వాడాలి, లెడ్ చార్జర్‌లోని రిపేర్ మోడ్‌ను దాని దగ్గరకు రానివ్వకూడదు. నిజానికి లిథియం తనంతట తాను ఖాళీ అయ్యేది చాలా తక్కువ కనుక, మైనస్ విప్పి వదిలేస్తే నెలల తరబడి బాగానే ఉంటుంది.

వారానికోసారి పక్కింటి పిల్లవాడిచేత స్టార్టు చేయించి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచమనడం ఊళ్ళలో చార్జర్‌కు బదులుగా ఎక్కువమంది నమ్ముకునే పద్ధతి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు ఇంజను తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ఐడిల్‌లో తయారయ్యే కరెంటులో చాలా భాగం దానికీ ఇంజెక్షన్‌కూ పోగా బ్యాటరీకి అర ఆంపియరో ఒకటో మిగిలిందనుకున్నా, ఐదు నిమిషాల్లో చేరేది ఎక్కువలో ఎక్కువ 0.08 ఏహెచ్. వారంలో 3 మిల్లీ ఆంపియర్లకే పోయేది అర ఏహెచ్. పైపెచ్చు పూర్తిగా వేడెక్కని ఇంజనులో, సైలెన్సరులో తేమ మిగులుతుంది. అరగంట సేపు రోడ్డు మీద తిప్పగలిగినవాడు దొరికితేనే ఆ పద్ధతి పద్ధతి.

ఇంటికి తాళం వేసేటప్పుడు మెయిన్ ఆపి వెళ్ళడం ఇక్కడి పెద్దల అలవాటు, మంచి అలవాటు కూడా. అలాంటి ఇంట్లో చార్జర్ గురించి ఆలోచించడమే అనవసరం. బ్యాటరీని నిండా చార్జి చేసి, మైనస్ వైరు విప్పి, కొనకు టేపు చుట్టి పెడితే బండి తాగే కరెంటు ఆగిపోతుంది. మిగిలేది సహజంగా జరిగే నష్టం మాత్రమే, కొత్త బ్యాటరీకి ఎండాకాలంలో సైతం మూడు నెలలకు పాతిక శాతం వరకు. అంటే 12.4 దగ్గర, హద్దుకు ఆనుకుని ఉంటుంది. బ్యాటరీనే విప్పి లోపల చల్లటి గదిలో పెడితే ఆ నష్టమూ తగ్గుతుంది. మేడ మీద ఎండకు కొదవ లేదు కనుక 5 వాట్ల సోలార్ పలక పెట్టవచ్చునన్న ఆలోచన కూడా మంచిదే, మధ్యలో వోల్టేజీని అదుపులో ఉంచే కంట్రోలర్ ఉంటే. కంట్రోలర్ లేని పలక ఖాళీగా 21, 22 వోల్టులు చూపిస్తుంది. చిన్న బ్యాటరీని అది ఉడకబెట్టేస్తుంది.

డబ్బు లెక్కను దాటవేయలేం. కరెంటు ఖర్చు నామమాత్రం: సగటున 2 వాట్లు తీసుకునే చార్జర్ నెలకు ఒకటిన్నర యూనిటు కాలుస్తుంది. చార్జర్ ధర అలా కాదు. 3 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఒక్క బండికోసం, ఆ బ్యాటరీ ధరను మించిన చార్జర్ కొనడం తెలివైన పని కాదు. విప్పి దాచుకోవడమే దానికి తగ్గ వైద్యం. 8 ఏహెచ్‌కు పైబడిన బ్యాటరీకీ, ట్రాకర్ ఉన్న బండికీ, ఇంట్లో మనుషులుండి రెండు మూడు బండ్లు వంతులవారీగా నిలిచి ఉండే చోటా చార్జర్ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది.

అమర్చేటప్పుడు క్లిప్పుల కన్నా, ఫ్యూజున్న వైరును రింగులతో టెర్మినళ్ళకు శాశ్వతంగా బిగించి, దాని కనెక్టరును సీటు పక్కకు తీసుకురావడం మేలు. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి క్లిప్పుల పళ్ళు నెలలోనే పచ్చగా చిలుము పడతాయి, చార్జర్ చూసే వోల్టేజీ తప్పుతుంది. కనెక్టరుకు రబ్బరు మూత, టెర్మినళ్ళ మీద కొంచెం పెట్రోలియం జెల్లీ ఉండాలి. చార్జి అయ్యే బ్యాటరీనుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. గాలాడే వసారాలో భయం లేదు కానీ, గ్యాసు బండ పెట్టిన మూసిన స్టోరు గదిలోనో, దీపం వెలిగే పూజగది పక్కనో బండిని తోసి చార్జింగు పెట్టకూడదు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నా, ఒంగోలు కర్నూలు రోడ్డులో కొన్నా, ఊరు విడిచి వెళ్ళడానికి వారం ముందే కొని పరీక్షించాలి. తగిలించిన మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండ మండుతుండగా, టెర్మినళ్ళ మీద మల్టీమీటరు పెట్టి చూడాలి. 13.2, 13.6 మధ్య ఉంటే, లేదా చార్జర్ ఆగి బ్యాటరీ 12.8 పైన నిలకడగా ఉంటే అది తన పని తాను చేస్తోంది. తర్వాత స్విచ్చు ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ వేసి, పచ్చ దీపం ఎవరూ ముట్టుకోకుండా తిరిగి వెలుగుతుందేమో, వోల్టేజీ ఎంతసేపట్లో కిందకు దిగుతుందో చూడాలి. సాయంత్రానికి కూడా మీటరు 14 పైనే చూపిస్తూ ఉంటే, రసీదు, అట్టపెట్టె భద్రంగా ఉండగానే దాన్ని కొట్టుకు తిరిగి ఇచ్చేయాలి.